మెనెస్కాల్ పడవ తిరిగిన నీళ్లలో

బ్రెజిల్ సంగీత శైలి బోసా నోవా అనగానే అందరి నోటా జోబిమ్, జువావ్ జిల్బెర్తో పేర్లే వస్తాయి. గిటారిస్టుగా, స్వరకర్తగా, నిర్మాతగా ఇంత పని చేసిన రొబెర్తో మెనెస్కాల్‌కు దక్కవలసినంత పేరు దక్కలేదని నాకు ఎప్పటినుంచో బాధ. రియో డి జనీరోకు నేను వెళ్లింది ఆయన పాటలు పుట్టిన చోట్లు చూడటానికే.

ముందు కోపకబానా. సముద్రం ఒడ్డునే నలుపు తెలుపు రాళ్లతో అలల్లా పరిచిన కాలిబాట. దాని ఎదుటి భవనాల్లో ఒకదానిలోనే, 1950ల చివర్లో, గాయని నారా లియావ్ ఇంట్లో కుర్రవాళ్లు గిటార్లతో చేరేవారు. మెనెస్కాల్ అప్పటికి ఇరవై దాటిన యువకుడు. కార్లోస్ లీరాతో కలిసి గిటారు నేర్పే బడి కూడా నడిపారు. సాయంత్రం ఒడ్డున ఒక దుకాణం దగ్గర వాయిస్తున్న పెద్దాయన చేతినే చూస్తూ నిలబడిపోయాను. బొటనవేలు మంద్ర తీగను నిలకడగా మీటుతోంది. మిగతా వేళ్లు పై తీగలను ఒక్కసారిగా లాగుతున్నాయి, అదీ తాళం మీద కాదు, రవ్వంత ముందుగా. ఆ కాస్త తేడాలోనే ఈ సంగీతపు ప్రాణమంతా ఉంది.

అక్కడినుంచి బస్సులో అహాయాల్ దో కాబో అనే సముద్రతీర పట్టణానికి వెళ్లాను. మండుటెండలో నీళ్లలో కాలు పెడితే జివ్వుమంది. ఈశాన్య గాలి పైనీటిని తీరం నుంచి దూరంగా నెట్టేస్తే, లోతుల్లోని చల్లని నీరు పైకి వస్తుంది. అందుకే ఇక్కడ చేపలు ఎక్కువ. నీళ్లలో మునిగి బల్లెంతో చేపలు వేటాడే మెనెస్కాల్‌కు ఇంతకన్నా ఏం కావాలి? మిత్రులతో ఈ ప్రాంతపు సముద్రంలోకి వెళ్లినప్పుడు ఒకసారి పడవ ఇంజను ఆగిపోయిందనీ, దాన్ని మళ్లీ ఆడించే ప్రయత్నంలో వచ్చిన టక్ టక్ శబ్దమే బాణీ అయిందనీ చెబుతారు. రొనాల్దో బోస్కొలి మాటలు రాశారు. ఆ పాటే 'ఓ బర్కిన్యో', అంటే 'చిన్న పడవ'. గాయని మైజా 1961లో రికార్డు చేశారు. 1962 నవంబరు 21న న్యూయార్క్ కార్నెగీ హాల్ కచేరీలో మెనెస్కాల్ స్వయంగా పాడారు.

నేను ఎక్కిన పడవలో కూడా పాత ఇంజనే. అది ఊపందుకునే ముందు కొట్టుకున్న తీరు వింటుంటే ఆ కథ నిజమేనని నమ్మాలనిపించింది.

1960ల చివర్లో గాయని ఎలిస్ రెజీనా బృందంలో వాయించాక, మెనెస్కాల్ రికార్డు కంపెనీ బాధ్యతల్లోకి వెళ్లారు. ఏళ్ల తరబడి ఇతరుల పాటలు తీర్చిదిద్దారు, తన గిటారు పక్కన పెట్టి. అది త్యాగమేనని నా అభిప్రాయం. 1985లో నారాతో కలిసి ఒక ఆల్బమ్ కోసం మళ్లీ వాయించారు: ఒక గొంతు, ఒక గిటారు. బోసా నోవా కొత్తగా వినేవారు ఆ ఆల్బమ్‌తోనే మొదలుపెట్టాలని నా కోరిక.