లాంగ్ బీచ్ రైల్లో డూమ్ ఆల్బమ్‌లు

న్యూయార్క్ పెన్ స్టేషన్ నుంచి లాంగ్ బీచ్‌కి లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్‌లో గంటకు కాస్త తక్కువ పడుతుంది. ఆ ఊళ్లో పెరిగిన ర్యాపర్ ఎమ్.ఎఫ్. డూమ్ మొదటి సోలో ఆల్బమ్ 'ఆపరేషన్: డూమ్స్‌డే' నిడివి కూడా ఇంచుమించు అంతే. ఎడిసన్ వైపు ఉండే తెలుగువాళ్లకు ఇది మరీ తేలిక. న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు దిగేదీ పెన్ స్టేషన్‌లోనే, బయటికి రాకుండానే రెండో రైలు పట్టుకోవచ్చు.

టికెట్ ఫోన్‌లోనో మెషిన్ దగ్గరో ముందే కొనాలి, రైల్లో కొంటే ఎక్కువ పడుతుంది. పని రోజుల్లో పొద్దున సిటీ నుంచి బయటికి వెళ్లే రైళ్లకు పీక్ రేటు (రద్దీవేళ ఎక్కువ ధర) ఉండదు, సాయంత్రం 4 నుంచి 8 మధ్య బయల్దేరే వాటికి ఉంటుంది. కొన్ని రైళ్లు నేరుగా వెళ్తాయి. మిగతావాటికి జమైకా అనే స్టేషన్‌లో మారాలి, ఏ ప్లాట్‌ఫామో అక్కడి తెర మీద చూసుకోవాలి. లాంగ్ బీచ్ ఆఖరి స్టేషన్ కాబట్టి దిగడం మర్చిపోయే భయం లేదు.

పాటలు మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఈస్ట్ రివర్ కింది సొరంగంలో సిగ్నల్ పోతుంది. ఇయర్‌ఫోన్లు చెవిని పూర్తిగా మూసేవి అయితే మేలు. 1999 నాటి ఈ రికార్డు శబ్దం మందంగా, ముతకగా ఉంటుంది. పాటల మధ్య అతికించిన కార్టూన్ సంభాషణలు రైలు మోతలో కలిసిపోతే కథ సగం పోయినట్టే. అందులో డూమ్ అంటే ముసుగు వేసుకుని పగ తీర్చుకోడానికి తిరిగొచ్చిన ప్రతినాయకుడు.

ఆ పగ వెనక ఉన్నది లాంగ్ బీచే. డూమ్ అసలు పేరు డేనియల్ డుమిలే, లండన్‌లో 1971లో పుట్టి పెరిగింది ఇక్కడ. తమ్ముడు సబ్‌రాక్‌తో కలిసి నడిపిన కె.ఎమ్.డి. ర్యాప్ బృందం 1991లో తొలి ఆల్బమ్ తెచ్చింది. 1993లో తమ్ముడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. మరుసటి ఏడాది ఎలెక్ట్రా రికార్డు కంపెనీ రెండో ఆల్బమ్‌ను, అట్ట మీది బొమ్మ మీద గొడవతో, విడుదల చేయకుండానే వదిలేసింది. 1997 ప్రాంతంలో ఈస్ట్ విలేజ్‌లోని న్యూయోరికన్ పొయెట్స్ కెఫేలో మొహానికి మేజోడు తొడుక్కుని మైకు పట్టే దాకా అతను జనానికి కనిపించలేదు. లోహపు ముసుగు తర్వాతి సంగతి.

ఐలాండ్ పార్క్ దాటాక రైలు రేనాల్డ్స్ ఛానెల్ మీది వంతెన ఎక్కుతుంది, ఆ తర్వాత స్టేషనే. అక్కడి నుంచి తూర్పుకి రెండు మూడు వీధులు నడిచి రివర్‌సైడ్ బులెవార్డ్ పట్టుకుని ఉత్తరానికి తిరగాలి. ఈస్ట్ హడ్సన్ స్ట్రీట్ కూడలిలో 'కె.ఎమ్.డి.-ఎమ్.ఎఫ్. డూమ్ వే' బోర్డు ఉంటుంది. పాత పేరు తీసెయ్యలేదు, దీన్ని 2021 జులైలో అదనంగా చేర్చారు. అందుకే మ్యాప్‌లో ఆ రెండు వీధుల పేర్లే వెతకడం మంచిది. బోర్డు మీద కె.ఎమ్.డి. ముందుంది, డూమ్ తర్వాత. మాకు అక్కడ నచ్చింది ఆ వరసే. చుట్టూ ఇళ్లున్నాయి, స్పీకర్లు పెట్టకండి.

బోర్డు చూడ్డానికి పది నిమిషాలు చాలు. తర్వాత బోర్డ్‌వాక్. 3.5 కిలోమీటర్ల పొడవు, 2012 శాండీ తుపానులో పాడైతే మళ్లీ కట్టారు. నడకకు డబ్బు అక్కర్లేదు, వేసవిలో ఇసకలోకి దిగితే పాస్ కొనాలి. 2004లో వచ్చిన 'మ్యాడ్‌విలనీ'ని మేం ఇక్కడ విన్నాం. 22 ముక్కలు, 46 నిమిషాలు, చాలా పాటల్లో పల్లవే లేదు. సంగీత నిర్మాత మ్యాడ్‌లిబ్ కట్టిన బీట్ల (మాటల కింద నడిచే సంగీతం) మీద డూమ్ గొంతు బద్ధకంగా సాగుతుంది. తొలి రూపం ముందే బయటికి పొక్కడంతో తన భాగాల్ని తగ్గుస్వరంలో మళ్లీ చదివాడు. ఆ పొక్కిన ప్రతి ఇప్పటికీ చెలామణిలో ఉంది. గొంతు హుషారుగా వినిపిస్తే మీ దగ్గరున్నది అదే. ప్రాస రెండో అక్షరంలో వెతికే మన చెవికి మొదట్లో పట్టు దొరకదు. అతను నాలుగైదు అక్షరాల గుత్తిని పాదం మధ్యలోనూ చివరా మళ్లీ మళ్లీ మోగిస్తాడు. మాటల అర్థం వదిలేసి అచ్చుల్ని లెక్కపెడితే రెండోసారికి దారి తెలుస్తుంది.

వెతకడంలో అందరూ పొరబడేది పేర్ల దగ్గర. 2003 నాటి 'వాడ్‌విల్ విలన్' అతని మారుపేరు విక్టర్ వాన్ మీద ఉంది. అందులో బీట్లన్నీ వేరేవాళ్లవి. అదే ఏడాది 'టేక్ మీ టు యువర్ లీడర్' కింగ్ గీడోరా అనే ఇంకో మారుపేరుతో వచ్చింది. అక్కడ తిరగేసి, బీట్లు దాదాపు అన్నీ అతనివి, మైకు ఎక్కువగా అతిథులది. డూమ్ అని మాత్రమే కొడితే ఈ రెండూ తప్పిపోవచ్చు. 2004 చివర్లో వచ్చిన 'ఎమ్.ఎమ్..ఫుడ్' పేరైతే ఎమ్.ఎఫ్. డూమ్ అక్షరాల్నే తారుమారు చేసి పెట్టింది. తిండి పేర్ల కింద స్నేహద్రోహాల లాంటి సంగతులు చెప్తాడు, కొత్తవాళ్లు దీంతోనే మొదలుపెట్టాలి.

తిరుగు రైల్లో 2009 నాటి 'బార్న్ లైక్ దిస్' పెట్టుకున్నాం. నలభై నిమిషాలది, జమైకా దాటిన కాసేపటికే అయిపోతుంది. దాని మీద ఎమ్.ఎఫ్. కూడా లేదు, డూమ్ అని మాత్రమే ఉంటుంది.