నెలాఖరు తేదీలతో కుస్తీ

సబ్‌స్క్రిప్షన్ గడువు తేదీలు లెక్కగట్టే మాడ్యూల్‌ని తిరగరాసే పని నాకు అప్పజెప్పారు. పాత కోడ్‌కి ఒక్క టెస్టూ (కోడ్ సరైన జవాబిస్తోందా అని తనిఖీ చేసే చిన్న ప్రోగ్రాము) లేదు. అందుకని కొత్తది మొదలుపెట్టకముందే, పాత కోడ్ ఏ తేదీకి ఏం జవాబిస్తోందో ఉన్నదున్నట్టు టెస్టులుగా రాసిపెట్టుకున్నాను. ఆ జవాబు తప్పో ఒప్పో తర్వాతి సంగతి, నాకు తెలియకుండా మాత్రం ఏదీ మారకూడదు.

అసలు చిక్కంతా నెలాఖరు దగ్గరే. జనవరి 31న చేరినవాళ్ళకి తర్వాతి గడువు ఫిబ్రవరి 28, సరే. మరి ఆపై నెల? 28నా, 31నా? పాత కోడ్ ముందరి గడువుకే నెల కలుపుకుంటూ పోయేది. అలా ఒకసారి 28కి దిగిన తేదీ ఇక ఎప్పటికీ 28నే. ఎలా ఉండాలని అడిగితే టీమ్‌లో ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి 31 అని తేలాక, ప్రతిసారీ చేరిన తేదీ నుంచే లెక్కించేలా రాశాను. 2024 ఫిబ్రవరి 29కీ, 4తో భాగించబడినా లీపు సంవత్సరం కాని 2100కీ టెస్టులు పెట్టాను. 2100 ఎవరు చూడొచ్చారని నవ్వారు గానీ, పోయేది ఒక లైనేగా!

ఫంక్షన్ లోపలే సిస్టమ్ గడియారం చూసుకోవడం ఇంకో తలనొప్పి. ఇవాళ పాసైన టెస్టు నెల తిరిగేసరికి ఫెయిలవుతుంది. ఈ రోజు తేదీని బయటినుంచి పంపేలా మార్చాక ఆ టెన్షన్ తీరింది.

టెస్టులు కోడ్‌లో ఎన్ని లైన్లని నడిపాయో చెప్పే కవరేజ్ 100 శాతం చూపించింది. ఆ అంకె మీద నాకు పెద్ద నమ్మకం లేదు. లైను నడిచిందని చెబుతుందే గానీ, సరిగ్గా నడిచిందని చెప్పదు. అందుకే కోడ్‌ని కావాలనే చెడగొట్టి చూశాను. గడువు దాటిందా అని చూసే చోట 'ఎక్కువ' గుర్తు తీసి 'ఎక్కువ లేదా సమానం' పెట్టాను. అయినా టెస్టులన్నీ పచ్చగానే ఉన్నాయి, అంటే పాసే! అంటే సరిగ్గా గడువు రోజున వచ్చినవాళ్ళని రానివ్వాలా వద్దా అని ఏ టెస్టూ అడగడం లేదన్నమాట. ముందు రోజుకి, ఆ రోజుకి, మర్నాటికి వేర్వేరుగా రాసి మళ్ళీ నడిపితే, మధ్యది ఎర్రబడింది. గుర్తు సరిచేసి, తోటివాళ్ళు కోడ్ చదివి చూసే రివ్యూకి పంపాను.

రివ్యూలో ఒక్కటే ప్రశ్న వచ్చింది: "సర్వర్‌లో తేదీ మారిపోయి, వాడేవాళ్ళ దగ్గర ఇంకా మారకపోతే?" టెస్టు రాద్దామని కూర్చున్నాను. ఏ తేదీని లెక్కలోకి తీసుకోవాలో తెలియక, మళ్ళీ టీమ్‌నే అడగాల్సొచ్చింది.