కళ్ళు రెండూ వదిలేయండి చాలు

"తోలు ఒలిచేయండి టీచరమ్మా, కళ్ళు రెండూ వదిలేయండి చాలు." ప్రకాశం జిల్లా కొండపి వైపు నేను పనిచేసే ఊళ్ళో పిల్లాణ్ణి బళ్ళో వేసేటప్పుడు తండ్రులు చెప్పే మాట ఇది. నవ్వుతూనే అంటారు కానీ సగం నిజంగానే అంటారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఉంది, కొట్టడమే కాదు, పిల్లల మనసు నలిగేలా వేధించడం కూడా 2010 ఏప్రిల్ నుంచి కుదరదు అని చెప్తే, "భయం లేకపోతే చదువెట్టా వస్తది" అని నన్నే జాలిగా చూస్తారు.

మొదటి రెండేళ్ళు నా టేబుల్ మీద కూడా బెత్తం ఉండేది. కొట్టేదాన్ని కాదు, బల్ల మీద చరిచేదాన్ని, అంతే. (అంతే అని నేననుకుంటున్నా, పిల్లల్ని అడిగితే ఏం చెప్తారో.)

మాది ఒకే గదిలో మూడు, నాలుగు, ఐదు తరగతులు. లెక్క ప్రకారం ఇద్దరం ఉండాలి, రెండో టీచర్ ఎప్పుడూ డెప్యుటేషన్ మీదే. మూడో తరగతికి పాఠం చెప్తుంటే వెనక నుంచి "అయిపోయింది టీచర్" అని ఒక కేక వస్తుంది చూడండి, గొడవకి అదే గంట. ఇంకో రెండు నిమిషాల్లో పెన్సిల్ పోయిందనో, వీడు నన్ను గిల్లాడనో మొదలవుతుంది. నేను గొంతు పెంచితే వాళ్ళు ఇంకా పెంచుతారు. అల్లరి అనుకున్నదాంట్లో చాలాభాగం చేతిలో పని లేకపోవడమే అని నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు లెక్క ముందుగా చేసినవాడు చిన్నవాళ్ళ దగ్గర ఎక్కాలు అప్పజెప్పించుకోవాలి, లేదా చింతగింజలు పదేసి కుప్పలు పోయించాలి. పెత్తనం దొరికితే మావాళ్ళు ఎంత బుద్ధిమంతులో!

అన్నిటికీ ఇది పనిచేయదు. నాలుగో తరగతిలో ఒకడు ఈ జనవరిలో ఉన్నట్టుండి పక్కవాళ్ళని కొట్టడం మొదలుపెట్టాడు. పదిన్నర అయ్యేసరికి ఎవరో ఒకరు ఏడుస్తూ వచ్చేవాళ్ళు. బయట నిలబెట్టాను, బతిమాలాను, వాళ్ళ నాన్నకి కబురు పెట్టాను. నాన్న రాలేదు, అవ్వ వచ్చింది. ఆమె చెప్తే తెలిసింది, వాళ్ళ బ్యారన్‌లో, అంటే పచ్చి పొగాకుని వేడితో ఎండబెట్టే కొట్టంలో, ఆకు ఎక్కించారు. పొగాకు ఎండేదాకా వారం పాటు రాత్రీ పగలూ మంట ఆరకూడదు కదా, అమ్మానాన్నలు అక్కడే ఉంటే వీడూ అక్కడే, పొయ్యి దగ్గర గోతం మీద. నిద్రెక్కడిది? పొద్దున్నే టీ తాగి బడికొస్తున్నాడు.

మర్నాడు ప్రార్థన కాగానే మూలన చాప వేసి పడుకోమన్నాను. సిగ్గుపడ్డాడు, తర్వాత పడుకున్నాడు, ఇంటర్వెల్ గంటకి కూడా లేవలేదు. ఆ రోజు ఎవరూ ఏడవలేదు.

కానీ మధ్యాహ్నం ఐదో తరగతి పిల్ల లేచి, "వాడికి నిద్రా, మాకు లెక్కలా టీచర్?" అంది. న్యాయమైన ప్రశ్నే. తోచక, రాత్రి బ్యారన్ దగ్గర ఉన్నవాళ్ళకే చాప అని రూలు పెట్టాను. మర్నాడు ముగ్గురు చేతులెత్తారు. అందులో ఇద్దరి ఇళ్ళల్లో అసలు పొగాకే వెయ్యలేదు.