అమ్మమ్మ రోజుకు 53 సార్లు పలికిన జవాబు

కథోలిక దైవశాస్త్రంలో ఆన్‌లైన్‌లో ఎం.ఏ. చేస్తున్నానని చెబితే మొదట వచ్చే ప్రశ్న "మఠంలో చేరుతున్నావా?" అని. చేరడం లేదు. నేను బర్మింగ్‌హామ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని, ఇద్దరు పిల్లల తల్లిని, మాది గుంటూరు వైపు పల్లెటూరు. అడిగేవాళ్లనీ తప్పుపట్టలేం. మన విచారణల్లో (పారిష్‌లలో) ఈ చదువంటే గురువులు కాబోయేవాళ్లు సెమినరీలో ఏళ్ల తరబడి చదివేది, మిగతావాళ్లకు చిన్నప్పటి సత్యోపదేశం చాలు అనుకుంటూనే పెరిగాం కదా. కానీ ప్రపంచంలోని కథోలిక పీఠాధిపతులంతా కూడిన ద్వితీయ వాటికన్ మహాసభ 1965లోనే సామాన్య విశ్వాసులు చాలామంది ఈ శాస్త్రాలు నేర్చుకోవాలని, కొందరు దాన్నే వృత్తిగా తీసుకుని లోతుగా చదవాలని కోరింది. 1983 నాటి తిరుసభ చట్టం 229వ నిబంధన అయితే 'హక్కు' అనే మాటే వాడింది. ఆ నిబంధన నేను ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకున్నాను, ఎవరైనా "ఫాదర్లు చదివేది నీకెందుకమ్మా" అంటే చదివి వినిపిస్తాను.

చదువు ఎలా ఉంటుందో చెప్తాను. ఇక్కడ మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు, ఉద్యోగం చేసుకుంటూ కాబట్టి నాకు మూడేళ్లు. గురువారం సాయంత్రం రెండు గంటలు ఆన్‌లైన్ సెమినార్, నైట్ డ్యూటీ ఉన్న వారాల్లో స్టాఫ్ రూమ్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను. లైబ్రరీ పుస్తకాలన్నీ ఈ-బుక్సే, వాటిలో కొన్నింటిని ఒకసారికి ఒక్కరే తెరవగలరు కాబట్టి వ్యాసం గడువు దగ్గరపడిన వారం అందరం ఒకే పుస్తకం కోసం కాచుకుని కూర్చుంటాం, నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చాక తెల్లారుజామున ఐదింటికి తెరిస్తే ఖాళీగా దొరుకుతుంది. మొదటి వ్యాసం ఐదో శతాబ్దపు పీఠాధిపతి సిరిల్ వాదన మీద, దానికి 52 మార్కులు వచ్చాయి, పాస్‌కి 50 కావాలి. కింద మా ట్యూటర్ రాసిన మాట: "మీరు ఏమి నమ్ముతారో అర్థమైంది. సిరిల్ ఎందుకు అలా వాదించాడో ఇంకా అర్థం కాలేదు." రెండు రోజులు ఏడుపొచ్చింది. తర్వాత మళ్లీ చదివితే ఆమె చెప్పింది నిజమే, నేను రాసింది ప్రసంగం.

ఆ సిరిల్ గొడవే నన్ను ఈ చదువులోకి పూర్తిగా లాగింది. 428లో కాన్‌స్టాంటినోపుల్ అగ్రపీఠాధిపతి అయిన నెస్టోరియస్, మరియమ్మను 'దేవుని తల్లి' అనడం సరికాదు, 'క్రీస్తు తల్లి' అంటే చాలు అన్నాడు. వినడానికి వినయంగానే ఉంది, ఒక మనిషి దేవుణ్ణి ఎలా కంటుంది అని ఎవరికైనా అనిపిస్తుంది. అలెగ్జాండ్రియా సిరిల్ ఒప్పుకోలేదు. ఆమె కన్నది ఒక స్వభావాన్ని కాదు, ఒక వ్యక్తిని. ఆ వ్యక్తి దేవుని కుమారుడే అయినప్పుడు ఆమెను దేవుని తల్లి అనకపోతే, పశువుల తొట్టిలో పడుకున్నదీ సిలువ మీద చనిపోయినదీ దేవుడు కాదు, ఇంకెవరో అని ఒప్పుకున్నట్టే. 431లో ఎఫెసు మహాసభ సిరిల్ పక్షాన నిలిచింది. ఇది చదువుతున్నప్పుడు రాత్రి రెండున్నర, వార్డు ప్రశాంతంగా ఉంది, నాకు ఉన్నట్టుండి అమ్మమ్మ గొంతు వినిపించినట్టయింది. "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా..." చదవడం రాని మనిషి, జపమాలలో ఈ మాటలున్న మంగళవార్త జపాలు (హెయిల్ మేరీ) 53, అంటే రోజుకు 53 సార్లు ఎఫెసు మహాసభ జవాబును వంటింటి గడపలో కూర్చుని పలికింది. నేను పక్కనే కూర్చుని నిద్రపోతూ విన్నాను.

ఆ రోజు నుంచి మన ప్రార్థనల్లో ఒక్కో మాటా ఆగి చూస్తున్నాను. మంగళవార్త జపంలో మరియమ్మను "దేవవరప్రసాదముచేత నిండిన" అంటాం కదా. లూకా సువార్తలో అక్కడ ఉన్నది ఒకే ఒక్క గ్రీకు మాట, కెఖరితోమెనే, అంటే ముందే అనుగ్రహం పొంది ఇప్పటికీ ఆ స్థితిలోనే ఉన్న స్త్రీ. మన 'నిండిన' లాటిన్ 'గ్రాసియా ప్లేనా'కు దగ్గర. కానీ నన్ను పట్టుకున్నది 'వరప్రసాదం' అనే మాట. మన కథల్లో వరం అంటే తపస్సు చేసి సంపాదించుకునేది. ప్రసాదం అలా కాదు, చెయ్యి చాచితే పెడతారు, నువ్వెంత భక్తుడివని అడగరు. ఐదో శతాబ్దంలో అగస్టీనుకీ పెలాజియస్‌కీ మధ్య నడిచిన వాదమంతా, దేవుని అనుగ్రహం మన ప్రయత్నానికి ఫలమా, ఉచితమా అనేదే. ఈ మాటలో ఆ రెండు వైపులూ పక్కపక్కనే ఉన్నట్టు నాకు అనిపిస్తుంది, మొదటి సగం కంటే రెండో సగమే సరైనదని నా అభిప్రాయం.

మా ఊళ్లోనే, అంటే ఈ బర్మింగ్‌హామ్‌లో, పందొమ్మిదో శతాబ్దపు దైవశాస్త్రవేత్త న్యూమన్ కార్డినల్ ఎన్నో ఏళ్లు ఉన్నారు. 2025 నవంబర్ 1న లియో పోపుగారు ఆయన్ను తిరుసభ పండితుడిగా (డాక్టర్ ఆఫ్ ది చర్చ్) ప్రకటించారు. నాలుగో శతాబ్దంలో, కుమారుడు తండ్రితో సమానమైన దేవుడు కాదన్న ఏరియస్ వివాదం నడిచినప్పుడు చాలామంది పీఠాధిపతులు తడబడితే విశ్వాసాన్ని నిలబెట్టింది సామాన్య జనమే అని ఆయన 1859లో రాశారు, రాసినందుకు మాటలు కూడా పడ్డారు. ఆ వ్యాసం చదివాక అమ్మమ్మ ఫోటో తెచ్చి నా టేబుల్ మీద పెట్టుకున్నాను.

ఈ కోర్సు చేద్దామా వద్దా అని అడిగేవాళ్లు ఇద్దరు ముగ్గురు మెసేజ్ చేశారు. గ్రీకు, లాటిన్ ముందే రావాలని టెన్షన్ పడకండి, నాకు గ్రీకు అక్షరాలు కూడా రావు అప్పట్లో. వారానికి పది గంటలు మాత్రం నిజంగా తీయగలరో లేదో ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడుకోండి.

డిసర్టేషన్ మన తెలుగు జపాల మీదే రాయాలనుకుంటున్నాను, ట్యూటర్ సరే అన్నారు. మీ ఇంట్లో పాత జపాల పుస్తకం ఏదైనా ఉంటే, చిరిగినదైనా సరే, మంగళవార్త జపం ఉన్న పేజీ ఫోటో తీసి పంపండి. పెద్దవాళ్లు నోటికి చెప్పేది పుస్తకంలో ఉన్నదానికి వేరుగా ఉంటే, వాళ్లు అన్నది అన్నట్టే రాసి పంపండి, సరిచేయకండి.