పదికి పది ఉన్న స్కూలు వద్దంటోంది

ఇంకో ఏడాదిలో మా అమ్మాయి హైస్కూల్లో చేరాలి. అమెరికాలోని ఇల్లినాయ్‌లో మేము కొనాలనుకుంటున్న ఇల్లు అచ్చంగా ఒక హైస్కూలు కోసమే, అక్కడ ఇల్లున్న చోటును బట్టే ప్రభుత్వ స్కూల్లో సీటు. స్కూళ్లకు పదికి ఇన్నని అంకెలిచ్చే గ్రేట్‌స్కూల్స్ వెబ్‌సైటు రేటింగులో దానికి పదికి పది. ఈ వేసవి సెలవులకు తిరుపతి వచ్చాం. మా అన్న కూతుర్ని స్కూలు నుంచి తీసుకురావడానికి తోడు వెళ్లొచ్చిన సాయంత్రం అమ్మాయి తేల్చి చెప్పేసింది. "నేను ఆ హైస్కూలుకి వెళ్లనమ్మా."

ఇక్కడి స్కూలుకీ అక్కడి హైస్కూలుకీ ఏం సంబంధమని అడిగితే, చూసింది చెప్పింది. గేటు మీద ఫ్లెక్సీలో టాపర్ల ఫొటోలు, ఒక్కొక్కరి కింద ఆరువందలకు ఎన్నో అంకె. లోపల పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ వరండాలోకి వస్తున్నారట. ప్రిన్సిపాల్ గది తలుపు తెరుచుకోగానే మాటలన్నీ ఆగిపోయి, అందరూ గోడవారగా నిలబడిపోయారట. ఒక టీచరమ్మ సగం తిన్న బిస్కెట్టును చీర కొంగులో దాచుకుందట.

"టీచర్ ఎందుకమ్మా భయపడాలి? ఇక్కడ గేటు మీద నంబరు, అక్కడ నీ ఫోన్లో నంబరు. ఆ స్కూలు లోపల ఎలా ఉంటుందో నువ్వు చూశావా?"

నేను చూడలేదు. ఇల్లు మాత్రం మూడుసార్లు చూశాను.

మా నాయన జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. మనవరాలి పక్షమే తీసుకున్నారు. "రిజల్ట్ వచ్చిన రోజు పోతే ఏం కనపడదు మా. మధ్యాన్నం బెల్లు కొట్టినప్పుడు పో. హెడ్మాస్టరు గదిలో ఉండాడా, పిల్లోళ్లు అన్నం తినే కాడ ఉండాడా చూడు. ఆడపిల్లోళ్ల బాత్రూముకి గొళ్లెం ఉందా, కొళాయిలో నీళ్లొస్తాయా చూడు. బదిలీకి అర్జీ పెట్టుకున్న అయివార్లు ఎంతమందో కనుక్కో."

ఆయన చదివింది మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో. 1919లో అక్కడి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ పిలిస్తే రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి జనగణమన పాడి వినిపించారు, ఇంగ్లీషులోకి అనువదించింది కూడా అక్కడే. ఆ ఏడు ఎంతమంది పాసయ్యారో ఎవరికి గుర్తుందని నాయన అడుగుతారు.

ఆయన మాట ఉత్త పాతకాలపు మాట కాదు. మా ఇల్లినాయ్‌లోనే ఫైవ్ ఎసెన్షియల్స్ అని ఒక సర్వే ఉంది, పిల్లల్నీ టీచర్లనీ నేరుగా అడుగుతారు. హెడ్ నడిపే తీరు, టీచర్ల మధ్య సఖ్యత, ఇళ్లతో సంబంధం, పిల్లలకు అక్కడ భద్రంగా అనిపిస్తుందా, పాఠంలో పస ఉందా, ఈ ఐదూ చూస్తారు. వీటిలో కనీసం మూడింట్లో గట్టిగా ఉన్న స్కూళ్లు బాగుపడే అవకాశం పది రెట్లు ఎక్కువని షికాగో ప్రాథమిక పాఠశాలల మీద అక్కడి యూనివర్సిటీ చేసిన పరిశోధన చెబుతుంది. రేటింగు ఎక్కువగా మార్కుల మీద నడుస్తుంది. ఆ మార్కుల్లో ఇంటి సంపాదన, తల్లిదండ్రుల చదువు, మనవాళ్లు పంపే కుమాన్ ట్యూషన్ క్లాసులు, అన్నీ కలిసి ఉంటాయి. అందులో స్కూలు కష్టమెంతో విడదీసి చూడటం సులువు కాదు.

కాబట్టి ఇల్లు వెతికే వాళ్లకు నేను చెప్పేది, ముందు ఆ సర్వే చూడండి. ప్రిన్సిపాల్ వచ్చి ఎన్నేళ్లయిందో, పోయినేడు ఎంతమంది టీచర్లు మానేశారో అడగండి. ఫెయిలైన పిల్లవాడితో మొదట మాట్లాడేది ఎవరో అడగండి, జవాబు కోసం వాళ్లు ఎంతసేపు తడుముకుంటారో గమనించండి.

ఇది రాస్తుంటే నాకే అనుమానాలు వస్తున్నాయి. అమెరికాలో ఒక ప్రిన్సిపాల్ ఒకే స్కూల్లో ఉండేది సగటున నాలుగేళ్లేనట. హైస్కూలు చదువూ నాలుగేళ్లే. మనిషిని చూసి చేర్పిస్తే ఆ మనిషి మధ్యలోనే వెళ్లిపోతే? పైగా నేను చదివిందీ గోడవారగా నిలబడే స్కూల్లోనే. ఆ భయంతోనో, భయపడుతూనో ర్యాంకు తెచ్చుకున్నాను, ఆ ర్యాంకే నన్ను అమెరికా దాకా తీసుకెళ్లింది. అదంతా వృథా అని కూతురికి చెప్పడానికి నోరు రావడం లేదు. ఆ పదిని వదులుకోవడానికీ మనసు రావడం లేదు.

ఒక రోజంతా మా అమ్మాయిని క్లాసుల్లో కూర్చోనిస్తారా అని ఆ హైస్కూలుకి మెయిల్ పెట్టాను. నన్ను మాత్రం రావద్దంటోంది. నేనుంటే నాకు నచ్చేవే చూపిస్తారట. సరేనన్నాను. అది వెళ్లి చూసి వచ్చేదాకా ఇంటికి అడ్వాన్సు కట్టొద్దని మా ఆయనకు చెప్పాను. ఈలోపు ఇల్లు వేరేవాళ్లు కొనేసుకుంటే ఏం చేయాలో మాత్రం ఆయనకూ నాకూ ఇంకా కుదరలేదు.