సోమశిల ఎర్రనీళ్లలో నీటికుక్కల కోసం

ఆగస్టులో కృష్ణకు కొత్తనీళ్లు వస్తాయని తెలిసే సోమశిలకు బయల్దేరాను. ఎండాకాలంలో వెళ్తే అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి కూడా నీళ్లలోంచి బయటపడి ఉంటుంది. కానీ నాకు కావాల్సింది బురదనీళ్లే, వాటిలో చేపల్ని వేటాడే నీటికుక్కలే (ఆటర్లు).

రెండేళ్ల కింద విశాఖలో రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్‌కి దిగాను. ఆ రోజు అలలు అడుగున ఉన్న ఇసుకంతా లేపేశాయి, నీళ్లు కలకబారి ఉన్నాయి. జతగా దిగిన మిత్రుడు తప్పిపోయాడు. అట్లా జరిగితే ఒక నిమిషం వెతికి పైకి రావాలన్నది డైవర్లు పాటించే నియమం. ఆ నిమిషమంతా టెన్షన్‌తో లెక్కపెట్టి పైకి వచ్చేసరికి అతను తేలుతూ కనిపించాడు. నీళ్లలో ఒక్క చేపనూ చూడలేదు, కానీ ఏదో మోకాలిని రాసుకుంటూ పోయింది. నాకు ఏమీ కనబడని చోట దానికి దారి ఎట్లా తెలిసింది? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

కొల్లాపూర్ దాటి సోమశిల చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇక్కడి నీళ్లు శ్రీశైలం జలాశయం వెనకనీళ్లే, దాని నిండు మట్టం 885 అడుగులు. నీళ్లు అటువైపు పెరుగుతున్నాయంటే ఇక్కడ నది ఒడ్డు రోజురోజుకూ వెనక్కి జరుగుతుంది. గాలి ఎక్కువగా ఉంది, పుట్టి ఒడ్డునే గిరగిరా తిరుగుతోంది. పుట్టి నడిపే పెద్దాయన నా లైఫ్ జాకెట్ తాళ్లు తనే లాగి చూసి గాని తెడ్డు పట్టలేదు. 2007లో మంచాలకట్ట దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని ఈ ఒడ్డున ఎవరూ మరిచిపోలేదు.

ఒక బండ దగ్గర ఆపి వేలు చూపించాడు. నల్లటి పెంట, దాని నిండా మెరిసే చేప పొలుసులు. "నీటికుక్కలయి. పొద్దుగాల్నే వచ్చిపోయినయ్."

నేను మాస్క్ తీశాను. ఆయనకు నచ్చలేదు. "ఎర్రనీళ్లల్ల కండ్లతోని ఏం జూస్తవ్ బిడ్డా? మొసళ్లు గూడ ఉంటయి, లోతుకు వోకు" అని నా నడుముకు తాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకున్నాడు. బండ పక్కనే నడుములోతులో నిలబడి ముఖం ముంచాను. మోచేయి దాకా కనబడింది, అరచేయి లేదు. అద్దం ముందు ఎర్రటి మట్టి రేణువులు మెల్లగా తిరుగుతున్నాయి. వినబడిందల్లా నా ఊపిరే.

పైకి వచ్చాక ఆయన వలలోంచి ఒక జెల్లను తీసి నా ముందు పెట్టాడు. ఆ మీసాలను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. మెత్తగా, తడిగా, నా వేలు తగలగానే పక్కకు జరిగాయి. జెల్లకు ఆ మీసాలే రుచి చెప్తాయి, బురదలో తిండిని వాటితోనే వెతుక్కుంటుంది. నీటికుక్క మీసాలది ఇంకో పని. నీళ్లలో చేప కదిలితే పుట్టే అలజడిని అవి పట్టేస్తాయి. రుషికొండలో నా మోకాలిని రాసుకుపోయినదానికి కూడా కళ్లతో పని ఉండి ఉండదు.

పొద్దు వాలుతుండగా ఈల లాంటి కూత వినబడింది. పెద్దాయన తెడ్డు ఆపేశాడు. నాలుగు తలలు అలల మధ్య తేలి, మునిగి, బండ వైపు వచ్చాయి. ఒకటి చేపను నోట కరుచుకుని బండెక్కింది. చదునైన తోక, నూనె రాసినట్టున్న ఒళ్లు. చేప తలను ముందుకాళ్లతో నొక్కిపెట్టి పటపటా నమిలింది. ఆ చప్పుడు గాలిలో కూడా స్పష్టంగా వినబడింది. దాని మీసాల చివర్ల నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. నేను ఫోన్ తీయలేదు, తీయాలని కూడా అనిపించలేదు.

"మా వలలు చింపుతయి" అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి. "అయినా అవి ఉన్నకాడ చేపలున్నట్టు లెక్క. వాటిని కొట్టనియ్య."

తెల్లారి వల తీస్తే పిడికిలి పట్టేంత చిరుగు, దాని పక్కన తల లేని జెల్ల. ఆయన జెల్లను బుట్టలో వేసుకుని, దారం తీసి, చిరుగు ముందర కూర్చున్నాడు. నేను వల కొస పట్టుకున్నాను.