బేస్‌మెంట్ ఆఫీసు, అమ్మ తెరిచిన కిటికీ

మూడేళ్ళుగా నా ఆఫీసు మా ఇంటి బేస్‌మెంటే. ఉండేది అమెరికాలోని ఐయోవా రాష్ట్రంలో, వెస్ట్ డిమాయిన్‌లో. పొద్దున ఎనిమిదికి లాప్‌టాప్ తెరిస్తే చలికాలంలో చీకటి పడ్డాకే పైకొస్తాను. ఒకరోజు మీటింగ్ మొదలయ్యేలోపు, ఇక్కడే పుట్టి పెరిగిన మా టీమ్ లీడ్ అడిగాడు, నువ్వు కూర్చునే గదిలో రేడాన్ టెస్టు చేశావా అని. ఐయోవాలోని 99 కౌంటీలూ (మన జిల్లాల్లాంటివి) ఈపీఏ, అంటే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, మ్యాపులో రేడాన్ ముప్పు ఎక్కువున్న జాబితాలోనే ఉన్నాయని ఆ రోజే తెలిసింది.

నేలలోని యురేనియం నుంచి పుట్టే రేడియోధార్మిక వాయువు రేడాన్. రంగూ వాసనా లేవు. చలికాలంలో ఇంట్లో వేడిగాలి పైకి పోతుంటే ఇల్లు కిందనుంచి మట్టిలోని గాలిని లాక్కుంటుంది. బేస్‌మెంట్ నేల స్లాబులోని పగుళ్ళే దానికి దారి. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సిగరెట్ తర్వాత పెద్ద కారణం ఇదే. ఏటా 21 వేల మంది పోతున్నారని ఈపీఏ అంచనా.

బొగ్గు డబ్బా కిట్ తెప్పించాను, గాలిలోని రేడాన్‌ను ఆ బొగ్గు పట్టి ఉంచుతుంది. టెస్టుకు 12 గంటల ముందు నుంచి అది అయ్యేదాకా ఇల్లంతా కిటికీలు మూసే ఉండాలి, పై అంతస్తువి కూడా. డబ్బాను నేలకు 20 అంగుళాలకు పైన, కిటికీకి మూడడుగుల దూరంలో, నా బల్ల మీదే పెట్టాను. తీసిన రోజే ల్యాబుకు పోస్టు చేయాలి. రేడాన్ 3.8 రోజులకు సగమైపోతుంది మరి.

లీటరు గాలికి 3.4 పికోక్యూరీలు (రేడియోధార్మికతకు కొలత) వచ్చింది. ఈపీఏ బాగు చేయించుకోమనే హద్దు 4. హమ్మయ్య అనుకున్నాను. ఆ రాత్రి అన్నాల దగ్గర, గుంటూరు నుంచి వచ్చిన అమ్మ అంది:

"పోపు పెట్టేటప్పుడు వంటింటి కిటికీ తీశాన్రా. సాయంత్రందాకా అట్లాగే ఉంచేదాన్ని. మిరపకాయ ఘాటుకి పిల్లాడు దగ్గుతుంటే ఎట్లా ఊరుకోను?"

తప్పు ఆమెది కాదు. మూయమన్నానే గానీ ఎందుకో చెప్పలేదు. ఈసారి కూర్చోబెట్టి అంతా చెప్పాను. మూడు రోజులు ముద్దపప్పు, ఆవకాయ, పెరుగుతో ఇల్లు నడిపింది. ఫలితం 8.8. ఇలా 8 దాటితే ఆలస్యం చేయకుండా ఇంకోసారి చేసి రెండింటి సగటు చూడాలి. ఆ ఇంకోసారి 9.4. సగటు 9.1.

నాలుగు లోపుంటే భయం లేదని కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు ఘనమీటరుకు 100 బెకరెల్ (రేడియోధార్మికతకే ఇంకో కొలత), అంటే లీటరుకు 2.7 పికోక్యూరీలు. ఆ 3.4 నిజమే అయినా నేను నిశ్చింతగా పడుకోవాల్సింది కాదు.

పనివాళ్ళు నేల స్లాబుకు రంధ్రం కొట్టి, పీవీసీ గొట్టం దింపి, ఫ్యాను బిగించి, కింద మట్టిలోని గాలిని లాగి ఇంటికప్పు పైకి వదిలారు. మళ్ళీ చూస్తే 1.1. గొట్టానికి యు ఆకారంలో చిన్న నాళిక ఉంటుంది, అందులో ఎర్రనీళ్ళు. రెండు వైపులా మట్టం ఒకటైతే ఫ్యాను ఆగినట్టు. అమ్మ రోజూ కాఫీ గ్లాసుతో దిగొచ్చి దాన్ని చూసి, నన్ను చూసి, పైకి వెళ్ళేది.

ఇప్పుడు గుంటూరులో ఉంది. ఆదివారం ఫోనులో మొదటి మాట అదే: "ఎర్రనీళ్ళు ఎగుడుదిగుడుగానే ఉన్నాయారా?"